ఫర్నేసు చుట్టూ పెద్దమనుషులు

మా ఆయన డాక్టరేటు చేసింది ఉష్ణం మీద. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళుతుందన్న విషయం మీద మూడు వందల పేజీలు రాసి, నల్ల అట్ట వేయించి, యూనివర్సిటీ లైబ్రరీలో పెట్టించిన మనిషి. ఆయన కొన్న ఇంట్లో బేస్‌మెంటులో పుట్టిన వేడి పదమూడు మెట్లెక్కి మా పడకగదిలోకి రావడానికి మూడు శీతాకాలాలు పట్టింది.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ నాలుగడుగులు వేస్తే దోసె దొరుకుతుంది. అప్పట్లో కందిపప్పు కోసం ఆదివారం పూట న్యూయార్కు దాకా వెళ్ళేవాళ్ళం. మాది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో కట్టిన చిన్న ఇల్లు. పక్కా అమెరికన్ ఇల్లు కొన్నామని మా ఆయన ఇండియాకి ఫోటోలు పంపారు. ఆ ఫోటోల్లో ఇంటి ముందు పచ్చగడ్డి ఉంది, కారు ఉంది, నేను ఉన్నాను. ఫర్నేసు లేదు.

బేస్‌మెంటులో ఒక మూల, బీరువాకి రెండింతలు ఉండేది ఆ ఫర్నేసు. ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేశారు. అది చేయవలసిన పని పెద్ద చిక్కయినదేం కాదు. కింద గ్యాసు మంట వెలుగుతుంది. మంట మీద ఇనుప అర వేడెక్కుతుంది. అది బాగా వేడెక్కాక పక్కనే ఉన్న బ్లోయరు, అంటే ఒక పెద్ద ఫ్యాను, తిరగడం మొదలుపెట్టి ఆ వేడిగాలిని రేకు గొట్టాల్లోంచి గదుల్లోకి తోస్తుంది. మా దానిలో మంట వెలిగేది. ఇనుము వేడెక్కేది. బ్లోయరు మాత్రం తిరిగేది కాదు. కాసేపటికి వేడి మరీ ఎక్కువై, ప్రమాదం రాకుండా మంట తనంతట తానే ఆరిపోయేది. చల్లారాక మళ్ళీ వెలిగేది. ఎప్పుడైనా దానికి బుద్ధి పుడితే బ్లోయరు ఒక్క కుదుపుతో లేచి ఇరవై నిమిషాలు గాలి కొట్టేది. దాని బుద్ధి కోసం ఎదురు చూస్తూ నేను రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపుతో వంట చేసేదాన్ని.

మొదటి శీతాకాలం మా ఆయన తప్పంతా కిటికీలదని తేల్చారు. అన్ని కిటికీలకీ లోపలి వైపు ప్లాస్టిక్ షీట్లు టేపు పెట్టి అంటించారు. ఇల్లంతా పాలిథిన్ కవర్లో పెట్టిన కూరగాయలా అయింది. చలి తగ్గలేదు. తర్వాత నాలుగు గదుల్లో నాలుగు థర్మామీటర్లు వేలాడదీసి, పొద్దున, సాయంత్రం వాటిని చూసి గ్రాఫు పేపరు మీద చుక్కలు పెట్టేవారు. చుక్కలన్నీ కలిపి రంగు పెన్సిళ్ళతో గీతలు గీశారు. ఆ గీతలు అందంగా ఉన్నాయన్నది నేనూ ఒప్పుకుంటాను. వాటి ప్రకారం మా ఇల్లు చల్లగా ఉందని తెలిసింది.

రెండో శీతాకాలం సర్వీసు మనిషిని పిలిచాం. అతను రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఫర్నేసుని బూటుతో ఒక తన్ను తన్నాడు. బ్లోయరు తిరిగింది. బాగయిపోయిందని కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అతని ట్రక్కు మలుపు తిరిగేలోపే అది ఆగిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు ముందు తలుపు రేకు ఊడదీసి చూసి, ఇది ముసలిదైపోయింది, కొత్తది వేయించుకోవాలి అన్నాడు. ఏ భాగం చెడిపోయిందని అడిగాను. మీవారు ఇంటికి ఎన్నింటికి వస్తారని అడిగాడు. నేను ఇంకోసారి అడిగాను. సాయంత్రం ఫోను చేసి ఆయనతో మాట్లాడతానన్నాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడేమోనని ముందు అనుకున్నాను. కాదు, బాత్‌రూము ఎక్కడని నన్నే అడిగాడు, నేను చెప్పిన జవాబు బాగానే అర్థమైంది.

మూడో శీతాకాలం మొదట్లో, మా ఇంట్లో ఒక ఆదివారం భోజనాలు జరిగాయి. చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు నెలకోసారి ఒకరింట్లో కలుసుకునేవాళ్ళం. అందరూ కోట్లు విప్పకుండానే కూర్చోవడం చూసి ఒకాయన, ఏమిటండీ మీ ఇల్లు ఇంత చల్లగా ఉంది అన్నాడు. మా ఆయనకి పౌరుషం వచ్చింది. ఫర్నేసు కథంతా చెప్పారు. అంతే, ఆరుగురు మగవాళ్ళు చేతుల్లో అన్నం పళ్ళాలతో సహా బేస్‌మెంటులోకి దిగారు.

నేను వాళ్ళకి పెరుగు అందించే నెపంతో వెనకే దిగాను. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆ ఆరుగురిలో ముగ్గురు ఇంజనీర్లు, ఒకరు లెక్కల ప్రొఫెసరు, ఒకరు గుండె డాక్టరు, ఆరో ఆయన మా ఆయన. ఫర్నేసు ముందు తలుపు రేకు ఊడదీసి, గోడకి ఆనించి, చుట్టూ నిలబడ్డారు. గుండె డాక్టరు గారు వంగి చెవి పెట్టి విన్నారు. ప్రొఫెసరు గారు పులిహోర నములుతూ, సమస్య ఫర్నేసులో ఉండనవసరం లేదు అన్నారు. ఎక్కడుండవచ్చో మాత్రం చెప్పలేదు. అప్పుడు పవర్ కంపెనీలో పనిచేసే ఎలక్ట్రికల్ ఇంజనీరు గారు, పళ్ళెం గ్యాసు గొట్టం మీద పెట్టి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని తీర్పు చెప్పారు.

"బ్లోయరు మోటారు వీక్ అయిందండీ. స్టార్టింగ్ టార్క్ లేదు. మోటార్ చేంజ్ చేస్తే సరిపోతుంది. ఇందులో ఆలోచించడానికేం లేదు."

నిజంగానే ఎవరూ ఆలోచించలేదు. అంత పెద్ద పవర్ కంపెనీ ఇంజనీరు చెప్పాక ఆలోచించేదేముంది? తర్వాతి రెండు వారాంతాలూ మా ఆయన, ఆయన కలిసి పాత మోటారు ఊడదీసి కొత్తది బిగించారు. ఆ నాలుగు రోజులూ వాళ్ళిద్దరికీ కాఫీలు, పకోడీలు, భోజనాలు నేనే అందించాను. రెండో ఆదివారం సాయంత్రానికి పని పూర్తయింది. ఒకళ్ళ చేయి ఒకళ్ళు ఊపుకున్నారు. స్విచ్చు వేశారు. మంట వెలిగింది. ఇనుము వేడెక్కింది. కొత్త మోటారు పాత మోటారులాగే ఊరుకుంది. పవర్ ఇంజనీరు గారు టైము చూసుకుని, పిల్లల హోంవర్క్ ఉందని వెళ్ళిపోయారు.

ఇక్కడ నా గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను ఫిజిక్సులో బీఎస్సీ చేసి, పెళ్ళికి ముందు మూడేళ్ళు గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో లాబ్ డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను. అమెరికా వచ్చాక గ్రీన్ కార్డు చేతికి రాగానే ఉద్యోగాలకి అప్లై చేశాను. నాకు అమెరికన్ ఎక్స్‌పీరియన్స్ లేదని అందరూ మర్యాదగా ఉత్తరాలు రాశారు. ఎక్స్‌పీరియన్స్ లేని మనిషిగా ఇంట్లో ఉండి, ఆ ఇంటి చలిని పగలంతా అనుభవించింది మాత్రం నేనే. థర్మామీటర్ల ఆయన ఎనిమిదింటికల్లా వెచ్చటి ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. ఇన్నాళ్ళూ నేనెందుకు కిందికి దిగి చూడలేదని ఎవరైనా అడగవచ్చు. నన్ను నేను చాలాసార్లు అడిగాను. వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా, చూసుకుంటారులే అనుకున్నాను. నాకు ఆ మూడు శీతాకాలాల్లో అన్నిటికంటే ఎక్కువ చిరాకు తెప్పించిన మాట అదే, అది నాలోపల నేనే అనుకున్న మాట.

మోటారు మార్చిన మర్నాడు, సోమవారం పొద్దున, ఆయన వెళ్ళగానే స్టీలు బకెట్టు పట్టుకుని బేస్‌మెంటులోకి దిగాను. బకెట్టు బోర్లించి ఫర్నేసు ముందు కూర్చున్నాను. ముందు తలుపు రేకు ఇంకా గోడకి ఆనించే ఉంది. లోపలి వైపు గోడకి, రంగు వైపు మనకి. దాన్ని తిప్పి చూశాను. లోపలి వైపు, పసుపు రంగుకి తిరిగిన కాగితం మీద, వైరింగ్ బొమ్మ మొత్తం అచ్చు వేసి అంటించి ఉంది. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో, ఏ స్విచ్చు పేరేమిటో, అన్నీ ఉన్నాయి. సర్వీసు మనిషి ఆ తలుపు ఊడదీశాడు. ఆరుగురు పెద్దమనుషులు ఊడదీశారు. వాళ్ళలో ఇద్దరు రెండు వారాంతాలు దాని పక్కనే కూర్చుని పకోడీలు తిన్నారు. ఒక్కరూ తిప్పి చూడలేదు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో నాకు వెచ్చగా అనిపించడం అదే మొదటిసారి.

ఆ బొమ్మ ప్రకారం బ్లోయరుకి కరెంటు వెళ్ళే దారిలో ఒక చిన్న కంట్రోలు ఉంది. ఫర్నేసు భుజం దగ్గర అరచెయ్యంత రేకు డబ్బా అది. మూత తీస్తే లోపల గడియారం ముఖం లాంటి చక్రం, దాని మీద మూడు గుర్తులు. ఒకటి బ్లోయరు తిరగవలసిన వేడి, ఒకటి ఆగవలసిన వేడి, మూడోది వేడి మరీ ఎక్కువైతే మంట ఆరిపోవలసిన గుర్తు. చక్రాన్ని తిప్పేది దాని వెనక, వేడిగాలి అరలోకి చొచ్చుకుని ఉన్న మెలితిరిగిన లోహపు పట్టీ. రెండు లోహాలు కలిపి అతికించిన పట్టీ వేడికి వంగుతుందని మూడేళ్ళపాటు ఏటా అరవై మంది ఆడపిల్లలకి బున్సెన్ బర్నర్ మీద పెట్టి చూపించినదాన్ని నేను. అదే పట్టీ నా ఇంట్లో, నా కాళ్ళ కింద, ఇన్నాళ్ళూ ఉంది.

పైన గోడకున్న థర్మోస్టాటులో వేడి పెంచి వచ్చి మళ్ళీ బకెట్టు మీద కూర్చున్నాను. మంట వెలిగింది. చక్రం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. బ్లోయరు గుర్తు దాకా వచ్చింది. దాటింది. అక్కడ టిక్కుమని స్విచ్చు పడాలి. పడలేదు. చక్రం అలాగే వెళ్ళి మూడో గుర్తు చేరింది. మంట ఆరిపోయింది. పట్టీ తన పని తాను చేస్తోంది, దాని పక్కనున్న స్విచ్చే చచ్చిపోయింది. ఆ డబ్బా మీద చేత్తో నొక్కితే బ్లోయరు తిరిగేలా ఒక తెల్లటి బటను ఉంది. గట్టిగా నొక్కాను. కొత్త మోటారు శుభ్రంగా తిరిగింది. పాత మోటారు కూడా శుభ్రంగానే తిరిగేదన్నమాట. దాన్ని చెత్త ట్రక్కు తీసుకెళ్ళి అప్పటికి రెండు గంటలైంది.

మెయిన్ స్విచ్చు ఆపి, ఏ తీగ ఎక్కడుందో కాగితం మీద రాసుకుని, డబ్బా ఊడదీసి, కుట్టుపని టేపుతో ఆ మెలికల పట్టీ పొడుగు కొలిచి, ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, ఫర్నేసు సామాన్లు అమ్మే షాపుకి డ్రైవ్ చేశాను. చలికోటు కింద చీర, కాళ్ళకి మంచు బూట్లు. కౌంటరు వెనక చెవి సందున పెన్సిలు పెట్టుకున్న ఒక లావుపాటి ముసలాయన ఉన్నాడు. నా ముందున్న ముగ్గురికీ సామాను ఇచ్చి, నన్ను దాటి నా వెనకున్న మనిషిని ఏం కావాలని అడిగాడు. నేను సంచి కౌంటరు మీద పెట్టాను. ఇలాంటివి కాంట్రాక్టర్లకే అమ్ముతాం, మీవారిని పంపండి అన్నాడు. పట్టీ పొడుగు తెలియకుండా కంట్రోలు ఇవ్వలేం అని కూడా అన్నాడు.

అయిదంగుళాలు అని చెప్పాను. బ్లోయరు వైపు నూట ఇరవై వోల్టులు, మంట వైపు ఇరవై నాలుగు అని కూడా చెప్పాను. పట్టీ బాగానే ఉంది, స్విచ్చు పడడం లేదు, నొక్కితే తిరుగుతోంది అన్నాను. అతను సంచిలోంచి డబ్బా తీసి, చక్రాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గుండె డాక్టరు గారికీ ఇతనికీ తేడా ఏమిటంటే, ఇతనికి ఏం వినాలో తెలుసు. లోపలికి వెళ్ళి కొత్తది తెచ్చిచ్చాడు.

ఇంటికి వచ్చే దారిలో నా మనసులో ఎంత పొగరు ఉందో చెప్పలేను. ఆ ఆరుగురికీ, సర్వీసు మనిషికీ, ఉష్ణం మీది మూడు వందల పేజీలకీ నేను పేరు పేరునా జవాబులు చెప్పుకుంటూ కారు నడిపాను. ఆ పొగరుతోనే డబ్బాతో పాటు వచ్చిన సూచనల కాగితాన్ని చదవకుండా పక్కన పడేశాను. వాళ్ళలాంటివాళ్ళకి కావాలి అలాంటి కాగితాలు అనుకున్నాను. పాతది ఎలా ఉందో చూసి, అలాగే తీగలు బిగించి, మెయిన్ స్విచ్చు వేశాను.

బుస్సుమని ఒక చప్పుడు. కాలిన వార్నీషు వాసన. ఫర్నేసు పక్కనున్న గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరులోంచి సన్నగా పొగ లేచింది. నేను స్విచ్చు ఆపేసి మెట్ల మీద చతికిలబడ్డాను. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. అప్పటిదాకా మా ఇంట్లో కనీసం అప్పుడప్పుడన్నా వచ్చే వేడి ఉండేది. నా తెలివి పుణ్యమా అని ఇప్పుడు అదీ లేదు. తలుపు మీది కాగితం చదవలేదని ఒక గంట ముందు ఊరందర్నీ తిట్టుకున్న మనిషిని, చేతికిచ్చిన కాగితం చదవలేదు.

రెండు వస్తువులూ సంచిలో వేసుకుని మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను. నన్ను చూసి ఆ ముసలాయన సంచి కోసం చెయ్యి చాపాడు. కొత్త డబ్బా తిప్పి చూశాడు. లోపల రెండు స్క్రూల మధ్య గోరంత ఇత్తడి రేకు ఉంది. జేబులోంచి పటకారు తీసి దాన్ని పుటుక్కున విరిచి, నా అరచేతిలో పెట్టాడు. రెండు వైపులా ఒకే వోల్టేజి ఉన్న ఫర్నేసులకి మాత్రమే అది కావాలట. మాలాంటి వాటికి ముందే విరిచేయాలట. లేకపోతే పెద్ద కరెంటు చిన్న కరెంటు దారిలోకి దూకేస్తుంది.

"అందరూ ఒకసారి ఇది చేస్తారు" అన్నాడు. "నేను చర్చిలో చేశాను. లోపల పెళ్ళి జరుగుతుండగా."

కొత్త ట్రాన్స్‌ఫార్మరు కౌంటరు మీద పెట్టాడు. గ్యాసు వాల్వు కూడా కాలిపోయి ఉంటే మళ్ళీ రమ్మన్నాడు. నా అదృష్టం కొద్దీ అది బాగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి అంతా బిగించి, సూచనల కాగితం రెండుసార్లు చదివి, స్విచ్చు వేసి, బకెట్టు మీద కూర్చున్నాను. చక్రం గుర్తు దాకా వచ్చింది. టిక్. బ్లోయరు లేచింది. పైకి పరుగెత్తి వంటింట్లో గాలి వచ్చే జాలీ మీద చేతులు పెట్టాను. వేడిగాలి వేళ్ళ సందుల్లోంచి వచ్చి నా మోచేతుల దాకా పాకింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో మంకీ క్యాపు తీసేసి కూర్చుని కాఫీ తాగాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, కోటు విప్పి, ఆశ్చర్యపోయి, థర్మామీటరు చూసి ఆనందపడ్డారు. కొత్త మోటారు కదా, సెటిల్ కావడానికి ఒక రోజు టైమ్ పట్టిందన్నారు. నేను ఏం చేశానో చెప్పాను. కిందికి వెళ్ళి చూసి వచ్చి, గుడ్ అన్నారు, స్టూడెంటుతో అన్నట్టు. ట్రాన్స్‌ఫార్మరు కాల్చిన సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు.

తర్వాతి నెల భోజనాలు ఇంకొకరింట్లో. ఎవరో మా ఫర్నేసు ఏమైందని అడిగారు. మా ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. తలుపు వెనక వైరింగ్ డయాగ్రం చూశారట. బైమెటల్ పట్టీని అబ్జర్వ్ చేశారట. స్విచ్చు కాంటాక్టు ఫెయిల్ అయిందని డయాగ్నోజ్ చేశారట. తెలుగులో క్రియకి కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది. ఆయన ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్నారు. 'నేను' అని ఒక్కసారి కూడా అనలేదు. విన్నవాళ్ళే ఆ మాట కలుపుకున్నారు. నేను ఎదురుగానే నిలబడి అందరికీ గారెలు వడ్డిస్తున్నాను.

కారులో అడిగాను. "నేను చేశానని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నవ్వుతారు."

"ఎవర్ని చూసి? నన్నా, మిమ్మల్నా?"

ఆయన హీటరు పెంచారు.

ఆ దెబ్బతో ఆయనకి పేరు వచ్చింది. చలి మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఫోను చేసేవారు. మా ఫర్నేసు చప్పుడు చేస్తోందండీ, ఒకసారి వచ్చి చూస్తారా? ఆయన రిసీవరు మీద చెయ్యి అడ్డుపెట్టి నా వైపు చూసేవారు. ఏం అడగాలో నేను చెప్పేదాన్ని. తప్పనిసరైతే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నేను పైన ఆడవాళ్ళతో కూర్చునేదాన్ని. కాసేపటికి ఆయన మెట్ల కింది నుంచి, టార్చి పట్టుకోడానికి రమ్మని పిలిచేవారు. నేను వెళ్ళి పని చేసేదాన్ని, ఆయన టార్చి పట్టుకునేవారు. రెండు శీతాకాలాలు ఇలా గడిచాయి. అప్పుడే కాదనవలసింది. కానీ ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఇంకొకరి పేరు మీదైనా సరే, ఆ డబ్బాల మూతలు తీయడం కోసం నోరు మూసుకున్నాను. దానికి ఏం పేరు పెట్టాలో చదివేవాళ్ళ ఇష్టం.

చివరికి ఒక శనివారం పవర్ ఇంజనీరు గారింటి నుంచి పిలుపు వచ్చింది. మోటారు మార్చమని తీర్పు చెప్పినాయనే. వాళ్ళ ఫర్నేసు అయిదు నిమిషాలు మండి ఆరిపోతోందట, బ్లోయరు మాత్రం తిరుగుతూనే ఉందట. వెళ్ళాం. మగవాళ్ళిద్దరూ కిందికి దిగారు. నేను, ఆయన భార్య వంటింట్లో కాఫీ తాగుతున్నాం. ఎప్పటిలాగే కింది నుంచి పిలుపు వచ్చింది.

"ఏమోయ్, టార్చి పట్టుకోడానికి ఒకసారి రా."

ఆ రోజు నాకేమయిందో తెలియదు. "అన్నయ్యగారు ఉన్నారుగా అక్కడ, పట్టుకుంటారు" అన్నాను.

ఇంకోసారి పిలిచారు. నేను కాఫీ తాగాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి, ఆయన తల గుమ్మంలో కనిపించింది. వెనక పవర్ ఇంజనీరు గారు. మా ఆయన ముఖం ఎర్రగా ఉంది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది.

"నాకిది రాదు" అన్నారు, నా వైపు కాదు, ఆయన వైపు తిరిగి. "మా ఇంట్లో చేసింది తనే. మిగతా ఇళ్ళల్లో కూడా తనే."

పవర్ ఇంజనీరు గారు గట్టిగా నవ్వి, మీ జోకులకేం గానీ అన్నారు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆయన భార్య లేచి, మా ఆయన చేతిలోంచి టార్చి తీసుకుంది.

"రండి వదినగారూ, నేను పట్టుకుంటాను" అంది.

కింద చూస్తే కంట్రోలు బాగుంది, స్విచ్చు టిక్కుమంటోంది. కానీ ఇంట్లోని చల్లగాలిని ఫర్నేసుకి వెనక్కి తెచ్చే పెద్ద గొట్టంలో గాలి కదలిక లేదు. ఆ గొట్టం పైన ఎక్కడ తెరుచుకుంటుందని అడిగాను. ఇద్దరం పైకి వచ్చి వెతికాం. భోజనాల గదిలో, గోడ అడుగున, ఒక పెద్ద జాలీ. దానికి అడ్డంగా ఆరు బియ్యం బస్తాలు, వాటి మీద పచ్చళ్ళ జాడీల అట్టపెట్టెలు. ఫర్నేసుకి ఊపిరాడడం లేదు, అందుకే లోపల వేడి పెరిగిపోయి మంట ఆరిపోతోంది. ఆవిడ చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. దీపావళికి చుట్టాలు వస్తే స్థలం చాలక ఆవిడే అక్కడ పేర్చిందట.

మగవాళ్ళు ముందు గదిలో టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. మేం బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ వంటింట్లోకి చేర్చాం. ఆవిడ నా చెవిలో చెప్పింది. "ఆయనకి చెప్పకండి వదినగారూ. ఏడాది పొడుగునా అదే అంటారు."

ఆ మాట నిజమేనని నాకు తెలుసు. ఇల్లు వెచ్చబడ్డాక పవర్ ఇంజనీరు గారు వచ్చి ఏమిటి ప్రాబ్లం అని అడిగారు. ఈసారి నన్నే అడిగారు. ఒక తీగ లూజయింది, బిగించానని చెప్పాను. ఆయన తల పంకించారు. "నేను ముందే అనుకున్నాను, వైరింగే అయ్యుంటుందని" అన్నారు. ఆవిడ నా కళ్ళలోకి చూడకుండా నాకు ఇంకో గ్లాసు కాఫీ పోసింది.

ఆ తర్వాత ఫోన్లు పగటిపూట రావడం మొదలయ్యాయి. ఆడవాళ్ళు చేసేవారు, భర్తలు ఆఫీసుల్లో ఉన్నప్పుడు. నేను ఒక్కదాన్నే కారు వేసుకుని వెళ్ళేదాన్ని. మా ఆయన స్క్రూడ్రైవర్ల పెట్టె ఒకటి కొనిచ్చి, క్షమాపణ లాంటి మాట మాత్రం ఏదీ లేకుండా, దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి వెళ్ళారు. నేనూ ఆ మాట అడగలేదు.

మరుసటి సెప్టెంబరులో చేతిపనులు నేర్పే కౌంటీ వొకేషనల్ స్కూల్లో హీటింగ్ రిపేరు కోర్సుకి నా పేరు రాయించుకున్నాను. మొదటి రోజు క్లాసులో పద్దెనిమిది మంది ఉన్నారు, అందరూ మగవాళ్ళే. పాఠం చెప్పే ఆయన నన్ను చూసి, చాలా మర్యాదగా, టైపింగ్ క్లాసు పై అంతస్తులో అని చెప్పాడు. నాకు టైపింగ్ వచ్చని చెప్పి ముందు వరుసలో కూర్చున్నాను.